కోడిజుట్టని పిలిచినందుకు

ఎనభై ఆరు వరద వచ్చిన ఏడు నేను వంకరైపోయాను.

నేను ఒక జెముడు మొక్కని. ఒంటికాడతో, పలకలు పలకలుగా, నిటారుగా పెరిగే జాతి. మా జాతిలో పక్కకి చూసేవాళ్లు లేరు. కడియం వైపు నర్సరీల్లో మమ్మల్ని ఇసక మళ్లలో వరసగా పెంచుతారు. నీళ్లు తక్కువ పోస్తారు. ముద్దు అసలే చెయ్యరు. ముళ్లు కదా.

ఆ ఏడు గోదారి గట్టు దాటి తోటల్లోకి వచ్చింది. గులాబీలు పోయాయి. మల్లెలు పోయాయి. మామిడంట్లు కుండీలతో సహా తేలుకుంటూ పోయాయి. మేం మాత్రం ఉన్నచోటే మునిగి ఉన్నాం. కొట్టుకొచ్చిన దుంగ ఏదో నా నెత్తి మీదుగా పోయింది. నీళ్లు తీశాక మోకాలెత్తు ఒండ్రు మిగిలింది. దాని కింద నేనున్నాను, తల చితికి.

ఒండ్రు ఎత్తిపోయడానికి వచ్చినవాళ్లు మా మడిని మడిగానే పారేశారు. తోట అబ్బులుది. అప్పటికి కుర్రాడు, కొత్తగా పెళ్లయినవాడు. పారేసిన కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క మొక్కనీ తిప్పి చూశాడు. నన్ను తీసి పక్కన పెట్టాడు.

"ఆ పుచ్చు మొక్కెందుకురా, అబ్బులూ?" అన్నారు ఎవరో.

అబ్బులు జవాబు చెప్పలేదు. అతను ఎవరికీ చెప్పడు. అడిగినవాళ్లు కాసేపు నిలబడి, ఇంకేదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోతారు. 

మొక్కకి నెత్తిన ఒక చుక్క ఉంటుంది. పెరుగుదలంతా ఆ చుక్కలోంచే. చుక్క పైకి పోతుంటే కింద కాడ తయారవుతుంది. నాకు దెబ్బ తగిలిన చోట ఆ చుక్క సాగి గీత అయింది. గీతలోంచి పెరిగితే ఏమవుతానో నాకే తెలియదు. అబ్బులుకీ తెలియదు. తెలుసుకుందామనే దాచినట్టున్నాడు.

నా వేళ్లు అప్పటికే కుళ్లాయి. మూడంచుల కంచె జెముడు ఒకటి తెచ్చి దాని తల నరికాడు. నా మొదలు నరికాడు. రెండు కోతల్నీ ఒకదాని మీద ఒకటి అదిమి, దారంతో కుండీకీ నాకూ కలిపి చుట్టాడు. అంటు కట్టడమంటే అంతే. అప్పట్నించి నా కాళ్లు నావి కావు. అవతలివాడు తాగిన నీళ్లతో నేను బతికాను. మనుషుల్లో కూడా ఇలా బతికేవాళ్లు ఉంటారట. వాళ్లని ఎవరూ కుండీలో పెట్టి చూసుకోరట.

అంటు పట్టింది. నేను పక్కలకి సాగాను. ముందు విసనకర్రలా విచ్చుకున్నాను. అంచు బరువెక్కి వంకీలు తిరిగింది. వానొస్తే అబ్బులు నన్ను చూరు కిందకి జరిపేవాడు. ఎండ ముదిరితే కొబ్బరాకు అడ్డం పెట్టేవాడు. నీళ్లు పోసేటప్పుడు నా ఒంటి మీద చుక్క పడనిచ్చేవాడు కాదు, ముడతల్లో నీరు నిలిస్తే కుళ్లు పుడుతుందని.

ఒక్కోసారి నాలోంచి నిటారు పిలక ఒకటి లేచేది. మా తాతల్లాంటి చక్కని పిలక. దాన్ని ఉంచితే తిండంతా లాగేసి ఈ వంకరని చంపేస్తుంది. అందుకని అబ్బులు అది వేలెడు కాకుండానే బ్లేడుతో కోసేసేవాడు. నాలో ఆరోగ్యంగా పుట్టినదాన్నల్లా కోసేస్తేనే నాకు విలువ. ఈ లెక్క నాకు ఎన్నడూ ఎక్కలేదు.

ఒకసారి రాజమండ్రి ప్లీడరుగారొకరు నన్ను ముచ్చటపడి తీసుకెళ్లారు. వాళ్ల వరండాలో వారం కూడా లేను. ఇంట్లో ముళ్ల మొక్క ఉండకూడదని ఎవరో అన్నారు. ఆ వారంలోనే ఆయన మామగారు కాలు జారి పడ్డారు. ఆయన జారింది సబ్బునీళ్ల మీద. నిందపడింది నా మీద. డ్రైవరు నన్ను తిరిగి తెచ్చి గేటు దగ్గర దింపి, చేతులు కడుక్కుని మరీ వెళ్లాడు.

తర్వాత నన్నెవరూ అడగలేదు. అబ్బులు కూడా అమ్మకానికి పెట్టలేదు. ఇంటి వెనక బోరింగు పక్క అరుగు మీద పెట్టాడు. అలా నేను పాపాయమ్మ చేతికి వచ్చాను.

పాపాయమ్మ అబ్బులు భార్య. గిన్నెలు తోముతూ మాట్లాడేది. బట్టలు ఉతుకుతూ మాట్లాడేది. వినే మనిషి ఉండాలన్న నియమం లేదు. మొగుడు పలకడు కాబట్టి ఆ మాటలన్నీ నాకు వచ్చేవి.

"ఏరా కోడిజుట్టూ, తిన్నావా?" అనేది పొద్దున్నే.

కోడిపుంజు నెత్తిన జుట్టులా ఉన్నానని ఆమె పెట్టిన పేరది. ఇరవై ముప్పై ఏళ్లు అదే పేరు. కోపమొస్తే "కోడి మొహమా" అనేది. 

"మీ అయ్యకీ నీకూ ఏం తేడా లేదురా. నోరూ లేదు, పట్టుకుంటే ముళ్లు. పెళ్లైన కాడ్నించీ ఈయనతో నేను మాటాడిన మాటలన్నీ బస్తాలకెత్తితే లారీ సాలదు. ఈయన మాటాడినవి నా కొంగున ముడేసుకోవచ్చు. ఏవండోయ్, ఇంటన్నారా?"

అబ్బులు కుండీల మధ్య నుంచి తలెత్తేవాడు. మళ్లీ దించేసేవాడు.

"ఇన్నాడు," అనేది పాపాయమ్మ నాతో. తల ఎత్తడమే జవాబని ఆమె నేర్చుకుంది.

జుట్టు తెల్లబడ్డాక ఆమె చెవుల్లో హోరు మొదలైంది. ముందు అది తోటలో మోటారు అనుకుంది. మోటారు ఆపమని కేకేసేది. ఆపాకా ఆగలేదు. ఆ తర్వాత ఒక్కొక్కటీ పోవడం మొదలుపెట్టాయి. కుక్కరు కూత పోయింది. గేటు చప్పుడు పోయింది. తన గొంతు తనకే సరిగా వినపడక, గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. కాలవ అవతలి తోటలోవాళ్లు కూడా మా ఇంటి కూర ఏమిటో తెలుసుకునేవాళ్లు.

అబ్బులు డాక్టరుకి చూపించాడు. నరం చచ్చిపోతోందని, తిరిగి రాదని, మిషను పెట్టుకుంటే ఉన్నది కాస్త ఉపయోగపడుతుందని ఆయన చెప్పాడు. మిషను తెచ్చారు. పాపాయమ్మ అది పెట్టుకుని బోరింగు దగ్గరికి వచ్చింది. కొట్టి చూసి, రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అమ్మో, ఇందులో రైలెల్తంది! మనుసులు మాత్రం లేరు!"

మిషను బీరువాలోకి పోయింది.

అప్పుడు గవరమ్మ వచ్చింది. పక్క తోట ఆవిడ. నవ్వుతూ వచ్చేది, భయపెట్టి వెళ్లేది. నా ముందు నిలబడి అటూ ఇటూ తలవాల్చి చూసింది. అప్పటికి నేను బాగా ఎదిగాను. నా అంచు పైకి లేచి, ముందుకి వంగి ఉంది. సన్నని ముళ్లు పొలుసుల్లా పరుచుకుని ఉన్నాయి.

"ఒసే పాపాయీ! దీన్నేవని పిలుత్తావే నువ్వు?" అని చెవి దగ్గర అరిచింది.

"కోడిజుట్టు."

"ఓసి నీ నోరు పడ! కోడేంటే? సరిగ్గా సూడు. అది పడగే! నాగేంద్రుడి పడగ! ఇంట్లో నాగేంద్రుణ్ణి పెట్టుకుని ఇన్నేళ్లు కోడీ కోడీ అన్నావా? పాముకీ కోడికీ పడుద్దా? సెవులు పోవా మరి?"

పాపాయమ్మ నన్ను చూసింది. అలా ఎప్పుడూ చూడలేదు. చేతిలో తోముతున్న గిన్నె అలాగే ఉండిపోయింది. చెవులకీ నాగేంద్రుడికీ ఉన్న సంబంధం ఆ ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, పుట్టమన్ను చెవులకి రాసుకుంటే చెవిపోటు రాదని రాసుకుంటారు. 

ఆమె చెంపలేసుకుంది.

నేను చెప్పగలిగితే చెప్పేదాన్ని. పడగా కాదు, జుట్టూ కాదు, దెబ్బ అని.

ఆ ఏడు నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్లలేదు పాపాయమ్మ. తలంటుకుని, పసుపు చీర కట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పసుపు పూసింది. కుంకం పెట్టింది. చిమ్మిలి ఉండ నా మొదట్లో పెట్టింది. ఆవుపాలు నా నెత్తి మీద పోసింది. పాలు ముడతల్లోంచి జారి, అంటు కట్టిన చోట ఆగి, కుండీలోకి దిగాయి. తడిసిన మట్టి వేలితో తీసి రెండు చెవులకీ రాసుకుంది.

"తెలీక అన్నాను తండ్రీ. నోటి దురద. తప్పు కాయి. గట్టిగా ఏం అక్కర్లేదు, మనుసుల మాటలు కాసిన్ని ఇనపడితే సాలు."

అబ్బులు మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. ఒంటి మీద నీళ్ల చుక్క పడనివ్వకుండా పెంచినవాడు.

ఆమె లోపలికి వెళ్లాక వచ్చి నన్ను మంచినీళ్లతో కడిగాడు. పాత పళ్ల బ్రష్షుతో ముడతలు తోమాడు. విసనకర్ర పట్టి తడి ఆరేదాకా విసిరాడు. ఒక్క రోజే కదా అనుకుని ఉంటాడు.

పాపాయమ్మ ఒక్క రోజుతో ఆపలేదు. ప్రతి మంగళవారం పెట్టుకుంది. అందుకోసం పాలు పోసే నూకరాజు దగ్గర వేరే గిన్నె పెట్టించింది. ఇంటికొకటి, నాకొకటి. 

కొన్ని వారాలకి ఒక పొద్దున ఆమె వంటింట్లోంచి పరుగున బయటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"పిలిచారేంటండీ?"

అబ్బులు కుండీకి మట్టి నింపుతున్నాడు. పిలవలేదు. అతను ఆమెని కేకేసి పిలిచిన రోజు నాకు తెలిసి లేదు.

"పాపాయీ అన్నారు కదా? ఇనపడింది! సక్కగా ఇనపడింది!"

అబ్బులు చేతి మట్టి దులుపుకున్నాడు. తర్వాత తలూపాడు.

ఆ తలూపడంతో నా పని అయిపోయింది. ఇక పాలు మానమని ఆమెతో అనడం అతని వల్ల కాలేదు. ఆమె నా కుండీకి మూడు ప్రదక్షిణాలు చేసి, గవరమ్మకి చెప్పడానికి కాలవ దాటి పరిగెత్తింది.

గవరమ్మకి చెబితే ఊరికి చెప్పినట్టే. చెవిపోటు పిల్లల్ని తెచ్చారు. చీము కారేవాళ్లు వచ్చారు. కోడలి మాట తనకి వినపడకూడదని మొక్కుకున్న ముసలాయన కూడా ఒకరు వచ్చారు. అందరూ తలా కాస్త పాలు పోశారు. అందరూ నా మట్టి తీసుకెళ్లారు. నా కిందివాడి వేళ్లు బయటపడ్డాయి. మనుషుల దగ్గర ఇదే చిక్కు. పుచ్చు మొక్క అని పారేస్తారు, ముళ్ల మొక్క అని వెళ్లగొడతారు. ఆ రెండూ తట్టుకుని బతకొచ్చు. మొక్కుకుంటేనే కష్టం.

వానాకాలం వచ్చింది. మంగళవారం పాలు మంగళవారమే ఆరడం మానేశాయి. అంటు కట్టిన చోట కాఫీరంగు మచ్చ పడింది. అబ్బులు కడిగేటప్పుడు బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు లోపలికి దిగింది.

అప్పుడింకా దారి ఉంది. మచ్చకి పైన, తెల్లగుజ్జు తగిలేదాకా కోసి, నన్ను వేరే జెముడు మీద కడితే బతుకుతాను. అబ్బులు బ్లేడు తెచ్చాడు. కోత మీద చల్లడానికి గంధకం పొడి తెచ్చాడు. కొత్త జెముడు తల నరికి సిద్ధం చేసుకున్నాడు. నా మీద ఒక చెయ్యి వేసి బ్లేడు ఆనించాడు.

పాపాయమ్మ వెనక నుంచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"పడగ మీద కత్తి పెడతారా? మీకేం పోయేకాలమండీ?"

అబ్బులు మచ్చ చూపించాడు.

"అది పసుపు. నేను రాసిన పసుపు. ఎండి అలాగైంది. మీరు గాని దీన్ని కోశారంటే, ఈ వచ్చింది కూడా పోద్ది నాకు. అంతేలెండి, నేను సెవిటిదాన్నైతేనే మీకు హాయి. ఇంక అడిగేవోళ్లుండరు, పలకక్కర్లేదు!"

బ్లేడు కింద పెట్టేశాడు అబ్బులు. నరికి పెట్టుకున్న కొత్త జెముడు అక్కడే ఎండకి ముడుచుకుపోయింది.

తర్వాత సైగలతో చెప్పి చూశాడు. రాసి చూపించడానికి ఆమెకి అక్షరం రాదు. అతనికొచ్చింది కూడా సంతకానికి సరిపోయేంతే. పాలగిన్నె చూపించాడు. నన్ను చూపించాడు. వద్దని చెయ్యి ఊపాడు.

పాపాయమ్మ గిన్నెలోకి తొంగి చూసింది.

"పాలు లేవనా? అయ్యో, గవరమ్మ దగ్గర తెత్తానుండండి."

వెళ్లి ఇంకో చెంబుడు తెచ్చి పోసింది.

ఒక మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. పాపాయమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. అబ్బులు వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అలా కూర్చోడు. గొంతు సవరించుకున్నాడు. మాట్లాడాడు.

"పాలు పొయ్యకే. పాలకి కుళ్లిపోతందది. అది పాము కాదు. వరదలో దెబ్బ తిన్న మొక్క. నేనే తీసేను కుప్పలోంచి. ఇలాగైద్దని నాకూ తెలీదు. బాగుందని ఉంచేను." 

ఆగాడు. ఆమె అతని పెదాల వంకే చూస్తోంది, చింతపండు చేతిలో పట్టుకుని.

"నేను పిలవలేదే ఆ రోజు. నీకు ఇనపడలేదు. ఇనపడిందన్నావు కదాని ఊరుకున్నాను. సెవులు రావంట. డాట్రు సెప్పేడు. నీతో సెప్పలేదు నేను." 

కింద పడిన చింతపిక్క ఒకటి ఏరి అరుగు మీద పెట్టాడు.

"నువ్వు మాటాడుతుంటే పని సులువుగా అయ్యేది నాకు. అన్నీ ఇన్నాను. జవాబు సెప్పాలని తోచలేదు."

అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినడం అదే మొదలు. విన్నది నేనొక్కదాన్నే.

పాపాయమ్మ నవ్వింది. మొగుడు ఎదురుగా కూర్చుని అంతసేపు తన మొహం చూసినందుకు సిగ్గుపడినట్టు నవ్వింది.

"ఆఁ, తిన్నానండీ," అంది గట్టిగా. "మీరు తిన్నారా?"

అబ్బులు తలూపి లేచి తోటలోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వాయుగుండం పట్టింది. రోజులతరబడి ముసురు. నన్ను చూరు కిందకి జరిపినా జల్లు కొడుతూనే ఉంది. మచ్చ పైకి పాకింది. పైకి నేను పచ్చగానే ఉన్నాను. లోపల గుజ్జు నీళ్లైపోయింది. కుళ్లిన పాల వాసన వేస్తే పాపాయమ్మ అగరొత్తులు ఎక్కువ వెలిగించింది.

మంగళవారం వచ్చింది. పాలు పోసింది. పూలు పెడదామని నా అంచు పట్టుకుంది. ఎక్కువ బలం కూడా పెట్టలేదు. నేను అంటు దగ్గర ఊడి ఆమె చేతిలోకి వచ్చేశాను. వచ్చి రెండుగా విరిగాను. నల్లటి నీళ్లు ఆమె మోచేతుల దాకా కారాయి.

ఆమె అరుస్తుందనుకున్నాను. ఇంటి కూర ఊరంతా వినపడేలా చెప్పే మనిషి కదా. అరవలేదు. చేతుల్లో ఉన్న ముక్కల్ని చూసింది. కుండీలో మిగిలిన మొండిని చూసింది. వేళ్లకి ముళ్లు దిగాయి. తియ్యలేదు.

అబ్బులు పరుగున వచ్చాడు. నన్ను ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. బోరింగు కొట్టి ఆమె చేతులు కడిగాడు. ఒక్కొక్క ముల్లూ గోటితో పట్టి తీశాడు. ఆమె అడ్డు చెప్పలేదు, అబ్బా అనలేదు. అతను ఆమె మొహంలోకి చూసి ఏదో అన్నాడు. ఆమె అతని పెదాల వంక చూడలేదు. చూసినా ఉపయోగం లేదనుకున్న మనిషిలా బోరింగు కింద తడిసిన రాయి వంక చూసింది.

ఆ రోజు మధ్యాహ్నం వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడింది. మాట వినపడలేదు. గవరమ్మ సంగతి తెలిసి వచ్చి "నాగేంద్రుడు ఎల్లిపోయాడంట గదే!" అని చెవిలో అరిచింది. పాపాయమ్మ ఆవిడకి పీట వేసి, మంచినీళ్లు ఇచ్చి, మళ్లీ పనిలో పడింది. గవరమ్మ అంతటి మనిషి కూడా ఆ నీళ్లు తాగి లేచిపోయింది.

సాయంత్రం అబ్బులు నా రెండు ముక్కల్నీ పళ్లెంలో పెట్టుకుని, మంచి గుజ్జు ఎక్కడైనా మిగిలిందేమోనని కోస్తూ పోయాడు. కోసిన ప్రతి చోటా మచ్చే. అంచు చివర గోరంత పచ్చ మిగిలింది. కట్టడానికి చాలదు. నన్ను తెచ్చి గేటు పక్క చెత్త కుప్ప మీద వేశాడు. పండుటాకులు, చచ్చిన గులాబీ కొమ్మలు, పగిలిన కుండీ పెంకులు. నేను ఇప్పుడు వాటి మధ్య ఉన్నాను. ఆ గోరంత పచ్చతోనే ఈ మాటలు చెబుతున్నాను. ఎండ వస్తే అదీ ఆగుతుంది.

ముసురు విడవకుండానే మళ్లీ మంగళవారం వచ్చింది. ఈ పొద్దున్నే నూకరాజు సైకిలు గేటు దగ్గర ఆగింది. అబ్బులు రెండు గిన్నెలూ పట్టుకుని వచ్చాడు. అలవాటుగా తెచ్చాడేమో. పాపాయమ్మ తెరిచిన తలుపుల అవతల, వెనక గడప మీద కూర్చుని ఉంది, ఇటు వీపు పెట్టి. నూకరాజు మొదటి గిన్నె నింపాడు. రెండో గిన్నె దగ్గరికి కొలత వంచబోతే అబ్బులు గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది వద్దురా."

"ఇయ్యాళ్టికా, ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

"మొక్కకి పోసేవే కదా, బాబాయ్? పిన్ని అడుగుద్దేమో?"

"అడగదు," అన్నాడు అబ్బులు.

నూకరాజు ఒకసారి గడప వైపు చూశాడు. అబ్బులు చెయ్యి గిన్నె మీదే ఉంచాడు, వాడు పాలక్యానుకి మూత పెట్టేదాకా.